కింద పడిన తువ్వాలు

చుక్కలత్త స్టీలు పళ్ళెంలో గ్లాసెడు నీళ్ళు పోసి, వాటి మీద తువ్వాలు మెల్లగా పరిచింది. మనసులో అయిదు లెక్కపెట్టి ఎత్తింది. ఈపాటికి పళ్ళెం పొడిగా ఉండాలి. పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

ఇంకో తువ్వాలు తీసింది. అదీ అదే వరస. నీళ్ళు పూసల్లా దొర్లి పళ్ళెం అంచుకి చేరాయి గానీ గుడ్డలోకి ఒక్క చుక్క ఇంకలేదు. మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. పెళ్ళిమండపంలోకి అడుగుపెట్టినట్టు గుప్పుమని పూల వాసన.

పన్నెండు తువ్వాళ్ళు. పన్నెండూ పూలే.

కార్లు కడిగే ఆ షెడ్డుకి ఇంకా ఎవరూ రాలేదు. గోడ గడియారంలో ఏడూ పది. పదింటికి డాక్టరమ్మ నల్లకారు కడగాలి, పన్నెండున్నరకి ఆవిడ వచ్చి తీసుకెళ్తుంది. నిన్న సాయంత్రం షెడ్డు యజమాని మాట నాన్చకుండా చెప్పేశాడు. "ఈసారి దానిమీద ఒక్క గీత కనబడినా, అత్తా, ఇక తుడిచే పని నీళ్ళు ఊదేసే గాలి మిషనుకే. నువ్వు వెనక కూర్చుని మ్యాట్లు కడుక్కుందువు గాని."

మ్యాట్లు కడగడం తక్కువ పనేమీ కాదు. కానీ పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ చోటు షెడ్డు ముందుభాగంలో, కడిగిన కారు వచ్చి ఆగే పసుపు గీతల మధ్య. కడగడం ఎవరైనా కడుగుతారు. కారు కడిగినట్టు కనబడేది తుడిచాకే. అందరూ పని అయిపోయిందనుకున్నాక ఆవిడ నడుం వంచి కారు చుట్టూ ఇంకోసారి తిరుగుతుంది. అద్దం మడతలో ఒక చుక్క, తలుపు పిడి గుంటలో ఒక చుక్క, నంబరు పలక వెనక రెండు. "ఇంకో చుక్క ఉందయ్యా" అంటూ ఆపిన కార్లెన్నో. అలా చుక్కలత్త అయింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవరినో అనుకుని.

ఫోను తీసి కోడలికి చేసింది.

"అమ్మాయీ, నిన్న తువ్వాళ్ళు దేంతో ఉతికావు?"

"మీరు చెప్పిన సబ్బునీళ్ళతోనే అత్తయ్యా. ఆఖర్న మాత్రం ఆ బట్టలు మెత్తబరిచే మందు రెండు మూతలు పోశాను. బాగున్నాయా?" మెప్పు కోసం చెవులు రిక్కించిన గొంతు.

"మెత్తగా ఉన్నాయి."

"మీ వేళ్ళు చూస్తే ఎక్కడపడితే అక్కడ పగుళ్ళేనాయె. ఆ గరుకు గుడ్డలు పట్టుకుంటే ఇంకా చీరుకుపోతాయని పోశాను. సీసా అంతా పోద్దామనుకుంటే మీ అబ్బాయి ఆపాడు."

"వాడు పుట్టాక చేసిన మంచిపని అదొక్కటే."

అవతల నవ్వు వినబడి, మధ్యలోనే ఆగిపోయింది. "ఏమైంది అత్తయ్యా, పాడు చేశానా?"

చుక్కలత్త పళ్ళెంలో నీళ్ళకేసి చూసింది. "కాస్త అలిగాయి. నీళ్ళు తాగనంటున్నాయి. అలక నేను తీరుస్తాలే, నువ్వు బెంగపెట్టుకోకు. ఆ సీసా మాత్రం మీ ఆయన చొక్కాలకి వాడుకో."

ఫోను పెట్టేసి, యజమాని గదిలో టీ కాచే పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు పడేసింది.

ఆ మందు సంగతి ఆవిడకి తెలుసు. నూలు పోగుకైనా, ఈ మైక్రోఫైబర్ నూగుకైనా పైన సన్నటి జిడ్డుపొర కప్పేస్తుంది. ఆ పొర ఒంటికి హాయి, నీటికి గోడ. వేడినీళ్ళతో, వాసనలేని సబ్బుతో మళ్ళీ మళ్ళీ ఉతికితే వదులుతుంది. మరీ మరగబెడితే నూగు కరిగి గట్టిపడుతుంది. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. ఉన్న వ్యవధిలో పన్నెండింటినీ దారికి తేవడం జరిగేపని కాదు. మందమైనవి మూడు ఏరింది. మిగతా తొమ్మిదీ మడతపెట్టి పక్కన పడేసింది.

ఈ పన్నెండూ ఆవిడ స్వయంగా ఎంచి తెచ్చినవి. కొట్లో గంటన్నర నిలబడింది. ఒక్కోదాన్ని చెంపకి రాసుకుంది. అంచు కుట్టు గట్టి దారంతో ఉన్నవన్నీ పక్కకి నెట్టేసింది. సంచిలోంచి పాత పాటల సీడీ ఒకటి తీసి, దాని అద్దం వైపు గుడ్డతో పదిసార్లు రుద్ది, వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసింది. గీత పడితే ఆ గుడ్డ వద్దు. కొట్టతను "పిల్లకి పెళ్ళి సంబంధాలు కూడా ఇన్ని చూడలేదమ్మా మేము" అన్నాడు. ఇంటికెళ్ళాక పన్నెండింటికీ ధర చీటీలు, కంపెనీ పీలికలు కత్తిరించేసింది.

పని మొదలుపెట్టిన కొత్తలో ఇవేవీ తెలియవు. పాత చొక్కాలతో, దుప్పటి ముక్కలతో తుడిచేది. ఒకరోజు చొక్కాకి తీయకుండా మిగిలిన గుండీ ఒకటి తెల్లకారు తలుపు మీద మూరెడు గీత గీసింది. ఆ గీతే ఆవిడకి మొదటి పాఠం. తరవాత తోలుగుడ్డ వచ్చింది. అది నీళ్ళు బాగా లాగేది గానీ, కింద ఇసుకరేణువు ఉంటే దాన్ని కారు ఒంటికి అదిమిపట్టి ఈడ్చేది. నూగు తువ్వాలు వచ్చాక ఊపిరి పీల్చుకుంది. నూగు లోతుగా ఉంటుంది, రేణువు లోపలికి దిగిపోతుంది. ఎవరూ నేర్పలేదు. పాడుచేసి నేర్చుకుంది, నేర్చుకున్నాక మళ్ళీ పాడుచేయలేదు.

పోయిన నెల వరకూ.

ఆ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదు. ఆ రోజు డాక్టరమ్మ నల్లకారు తుడుస్తుంటే తువ్వాలు చేతిలోంచి జారి నేలమీద పడింది. వెనక మూడు కార్లు వరసలో ఉన్నాయి. వంగి తీసుకుని, రెండుసార్లు గట్టిగా దులిపి, బానెట్ తుడిచేసింది. అంతే. నాలుగో రోజు డాక్టరమ్మ ఎండలో నిలబెట్టిన కారు బానెట్ మీద సాలెగూడులా సన్నటి గీతలు చూసి షెడ్డుకి తీసుకొచ్చింది. యజమాని మండిపడి, ఈ పన్నెండింటికి ముందున్న తువ్వాళ్ళన్నీ చెత్తలో పడేసి, చవక సరుకు అంటగట్టావని అమ్మినవాడి మీద కొట్టుకెళ్ళి మరీ కేకలేశాడు. ఆ మర్నాడే గాలి మిషను కొన్నాడు.

చుక్కలత్త నోరు మెదపలేదు. నెలరోజులు ఆ సంగతి లోపలే మోసింది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ముందు పని, తరవాత మాట. మాట ముందు చెప్తే కారు తన చేతికి రాదు. కారు చేతికి రాకపోతే పాడుచేసిన చెయ్యే బాగుచేసిందని ఎలా చూపడం? నల్లకారుని గీతలేకుండా తుడిచి, తాళం అప్పగించేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేయాలి. ఆ తరవాత మ్యాట్లే రాసిపెట్టి ఉంటే మ్యాట్లే.

రెండో విడత ఉతుకుతుండగా పాలిష్ మేస్త్రి వచ్చాడు. ఈ వారమే నల్లకారు గీతలు తీయడానికి మూడు రోజులు వెనకగదిలో దానితోనే కాపురం చేసిన మనిషి. వయసు యాభై, అయినా అందరిలాగే ఈవిడని అత్తా అనే పిలుస్తాడు. ఈవిడా తగ్గకుండా అల్లుడూ అంటుంది.

"పొద్దున్నే వంట మొదలెట్టావేంటత్తా?"

"తువ్వాళ్ళు ఉడకేస్తున్నా అల్లుడూ. నీకో ముద్ద పెట్టనా?"

అతను గిన్నెలోకి తొంగిచూసి ముక్కెగరేశాడు. "ఇదేం వాసన? కారు తుడుస్తావా, కారుకి స్నోలు పౌడర్లు రాస్తావా?" నవ్వు ఆపి గోడకి ఆనుకున్నాడు. "చూడత్తా, మూడు రోజులు నడుం విరిగేలా వంగి ఆ గీతలు తీశాను. నువ్వు గుడ్డ తాకించకుండా ఉంటే నాకదే పదివేలు. గాలి మిషను పెట్టుకో. గుడ్డ తగలదు, గీత పడదు."

"మొన్న ఆకుపచ్చ కారుకి మిషను పెట్టాడుగా మన యజమాని. నేలమీది దుమ్మంతా లేపి తడి ఒంటికి అంటించింది. ఆ దుమ్ము మళ్ళీ ఎవరు తుడిచారు?"

"నువ్వే."

"మరి."

"ఆ కారు సంగతి వేరు. ఇది నలుపు. నలుపు ఏదీ దాచుకోదు."

"అందుకే దీన్నే తుడవాలి" అని ఆవిడ తువ్వాలు పిండింది. వేడినీళ్ళకి వేళ్ళ పగుళ్ళు విచ్చుకుని చురుక్కుమన్నాయి. చెయ్యి ఒకసారి గాలిలో విదిలించి మూడో విడత సబ్బు కలిపింది.

తొమ్మిదిన్నరకి మళ్ళీ పళ్ళెం పరీక్ష. నాలుగు ఉతుకుల తరవాత రెండు తువ్వాళ్ళు నీళ్ళని ఒక్క గుక్కలో తాగేశాయి. మూడోది ఇంకా మొహం తిప్పుకునే ఉంది. రెండింటినీ గట్టిగా పిండి, ఆరబెట్టకుండా భుజం మీద వేసుకుంది. ఎండిపోయి అట్టలా ఉన్న గుడ్డకన్నా కాస్త చెమ్మ ఉన్నదే నీటిని ముందు పట్టుకుంటుంది.

పదింటికి నల్లకారు పసుపు గీతల మధ్యకి వచ్చింది. కొత్త పాలిష్ మీద షెడ్డు రేకులు, వేలాడే దీపాలు, పైన ఎగిరే పిచ్చుక, అన్నీ తలకిందులుగా కనబడుతున్నాయి. మేస్త్రి తన చేత్తోనే సబ్బు పెట్టి కడిగాడు, ఇంకెవరికీ ఆ పని ఇవ్వనన్నాడు. నురగ పోయాక పైపు కోసం చుక్కలత్త చెయ్యి చాపింది.

పైపు చివరి ముక్కు ఊడదీసింది. జల్లుగా కొడితే నీరు వేల చుక్కలుగా చెదురుతుంది. ముక్కు తీసి, పైపుని కారు ఒంటికి దగ్గరగా పట్టి నింపాదిగా వదిలితే, నీరంతా ఒక్క పరదాలా జారి తనతోపాటు చుక్కల్ని కూడా లాక్కుపోతుంది. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి. పరదా జారినచోటల్లా కారు సగం ఆరినట్టే కనబడింది. మేస్త్రి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అతను ఏమీ అనలేదంటే లోటేమీ దొరకలేదన్నమాట.

మొదటి తువ్వాలు పైకప్పు మీద వెడల్పుగా పరిచి, రెండు కొసలు పట్టుకుని తనవైపు మెల్లగా లాగింది. రుద్దలేదు, నొక్కలేదు. తువ్వాలు బరువే దాని పని. పైకప్పు, ముందు అద్దం, వెనక అద్దం, తలుపుల పైసగం. తువ్వాలు తాగింది చాలనిపించాక పిండి, దాంతో తలుపుల కిందిసగం, చక్రాల పై వంపులు తుడిచింది. కిందికి దిగిన గుడ్డ ఇక పైకి ఎక్కకూడదు. దాన్ని బకెట్లో పడేసి రెండోది అందుకుంది. డిక్కీ అయింది. బానెట్ మీద పరిచి, మేస్త్రి వైపున్న సగం లాగింది. అద్దంలా తేలింది.

రెండో సగానికి తిరగబోతుండగా బొటనవేలి పగులు మీద తువ్వాలు బరువు పడి నొప్పి మోచేతిదాకా పాకింది. వేళ్ళు వాటంతటవే విడిపోయాయి.

తువ్వాలు నేలమీద పడింది.

ఆవిడ చెయ్యి అప్పటికే సగం దూరం కిందికి వెళ్ళింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు, పడినదాన్ని తీయడం. అక్కడే ఆగింది. తల ఎత్తితే మేస్త్రి చూస్తున్నాడు. అతని వెనక గాలి మిషను చేత్తో పట్టుకుని యజమాని. ఎప్పుడొచ్చాడో తెలియదు. పోయిన నెల ఇదే వైపు, ఇదే చోటు. అప్పుడు చూసినవాళ్ళు లేరు.

ఆవిడ నడుం నిటారు చేసి, కాలితో తువ్వాలుని పక్కనున్న బల్ల కిందికి నెట్టేసింది.

బానెట్ సగం పొడి, సగం చుక్కలు. రేకు అంచు దాటి ఎండ నేలమీద జానెడు జానెడుగా పాకుతోంది. ఇంకో పది నిమిషాల్లో ముందు బంపరు దాకా వస్తుంది. ఎండకి చుక్క ఆరితే దాని చోట తెల్లటి వలయం మిగులుతుంది. షెడ్డులో వచ్చేవి ఉప్పునీళ్ళు. కొత్త పాలిష్ మీద ఆ మచ్చలు పడితే మేస్త్రికి నాలుగో రోజు పని. ఉతికినవాటిలో మిగిలిన తువ్వాలు ఒక్కటే, ఇంకా పూలవాసన కొడుతున్నది. దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

పైపు మళ్ళీ తెరిచింది.

"ఆరినదాన్ని మళ్ళీ తడుపుతావేంటత్తా?" అన్నాడు యజమాని.

"ఆరనిదాన్నే బాబూ." మిగిలిన సగం మీద పరదా వదిలింది. చుక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ముందువైపు జారిపోయాయి. అటు తరవాత అదే పైపుతో కారు చుట్టూ నేలంతా తడిపి, చెయ్యి చాపింది. "ఆ మిషను ఇటివ్వు."

యజమాని మొహం వెలిగింది. "చివరికి దారికొచ్చావు."

"దుమ్ము దారికొచ్చింది. నేల తడిగా ఉంటే లేవదు. మొన్న నువ్వు నేల తడపలేదు."

మిషను మీట నొక్కి, ముందు దాని మూతిని గోడవైపు తిప్పి పట్టుకుంది. లోపలి గొట్టంలో చేరిన దుమ్మంతా బూడిదలా గోడమీదికి ఎగిరింది. యజమాని ఆ గోడకేసి, తన మిషనుకేసి చూసి గొంతు సవరించుకున్నాడు. గాలి శుభ్రమయ్యాక బానెట్ మధ్యలోంచి ఏటవాలుగా పట్టి, నీటిని అంచుదాకా తోలుకెళ్ళింది. పెద్ద చుక్కలు పరుగెత్తాయి. ఆవగింజలంత చిన్నవి కొన్ని మాత్రం మొండికేసి కూర్చున్నాయి. ఎండ బంపరుకి బెత్తెడు దూరంలో ఉంది.

మేస్త్రి జేబులోంచి ఒక పొట్లం తీశాడు. సీలు విప్పని పాలిష్ గుడ్డ. తను ఎవరికీ ముట్టనివ్వని సరుకు. పళ్ళతో పొట్లం చింపి, నేలకి తగలకుండా రెండు చేతులా అందించాడు. "తీసుకో."

చుక్కలత్త గుడ్డ అంచు చుట్టూ వేలు తిప్పి చూసింది.

"నా గుడ్డనే అనుమానిస్తున్నావా?"

"పొద్దుట్నుంచీ నా గుడ్డల్నే నమ్మలేకపోతున్నా. నీదెంత అల్లుడూ."

గుడ్డని మెల్లగా చుక్కల మీద వాల్చి ఎత్తింది, వాల్చి ఎత్తింది. పసిపిల్ల మొహం అద్దినట్టు. ఎండ బంపరు తాకేసరికి తాగడానికి దానికి ఏమీ మిగల్లేదు. ఆ తరవాత మిషనుతో అద్దాల మడతలు, తలుపు పిడులు, పెట్రోలు మూత, నంబరు పలక వెనక. గుడ్డ దూరని సందుల్లోకి గాలి దూరింది. లోపల దాక్కున్న నీళ్ళు బయటికి చిమ్ముతుంటే ఆవిడకే ముచ్చటేసింది. ఇన్నేళ్ళూ పుల్లకి గుడ్డ చుట్టి ఆ సందులు తుడిచింది మరి. మిషను మీద కోపం తగ్గింది. వెడల్పాటి చోట్లు దానివి కావు, సందులు మాత్రం దానివే.

మేస్త్రి దీపం వెలిగించి బానెట్ మీద పక్కనుంచి పట్టాడు. అరచేయంత మేర చూశాడు, జరిగాడు, మళ్ళీ చూశాడు. పావుగంట పట్టింది. దీపం ఆర్పి, "నా మూడు రోజుల కష్టం అలాగే ఉంది" అన్నాడు. అతని నోట అంతకు మించిన మాట షెడ్డులో ఎవరూ విని ఉండరు.

పన్నెండున్నరకి డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ ఆపరేషన్లు చేసే డాక్టరు, దేన్ని చూసినా తొందరగా చూపు తిప్పుకోదు. కారుని ఎండలోకి తెప్పించి, చుట్టూ ఒకసారి నడిచి, బానెట్ దగ్గర మోకాళ్ళు వంచి మరీ చూసింది.

"బాగుంది. పోయినసారి తువ్వాళ్ళు మంచివి కావన్నారు కదా. మార్చారా?"

యజమాని నోరు తెరిచేలోపు చుక్కలత్త ముందుకొచ్చింది. తాళం ఆవిడ పిడికిట్లోనే ఉంది.

"తువ్వాళ్ళ తప్పేం లేదమ్మా. పోయినసారి తువ్వాలు నా చేతిలోంచి కింద పడింది. దులిపి, దాంతోనే తుడిచాను. ఆ గీతలు నా చేతివే."

యజమాని రెండడుగులు ముందుకొచ్చాడు.

"మరి నేను ఆ కొట్టువాడితో అంత గొడవ పడ్డానే" అన్నాడు యజమాని.

"పడ్డావు. సాయంత్రం నేనే వెళ్ళి అతనికి చెప్తాను. నెలరోజులు దాచడం ఇంకో తప్పు. అదీ నాదే."

డాక్టరమ్మ ఆవిడ మొహం కన్నా వేళ్ళనే ఎక్కువసేపు చూసింది. "కింద పడినదాన్ని మళ్ళీ ముట్టుకోకూడదని మాకు మొదటిరోజే చెప్తారు."

"మాకు చెప్పేవాళ్ళెవరమ్మా. మీ కారే చెప్పింది."

"నా కారు చెప్పాల్సి రావడం నాకేం నచ్చలేదు." ఆవిడ నవ్వలేదు, అలాగని మొహం ముడుచుకోనూ లేదు. "ఇవాళ పడలేదా?"

"పడింది. బల్ల కింద ఉంది, చూసుకోండి."

డాక్టరమ్మ నిజంగానే వంగి చూసింది. బల్ల కింద తువ్వాలు తడిసి ముద్దయి పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. లేచి, చేతులు దులుపుకుంది. "వచ్చే నెల మొదటివారం మళ్ళీ తెస్తాను. అప్పుడు మీరు ఇక్కడే ఉంటారా?"

చుక్కలత్త యజమాని వైపు చూసింది. మేస్త్రి కూడా అటే చూశాడు. యజమాని గాలి మిషను చేతిలోకి తీసుకుని, దాని తీగ చుట్టచుట్టి, తువ్వాళ్ళు ఆరేసే తీగ పక్కన ఉన్న మేకుకి తగిలించాడు.

"ఉంటుందండీ" అన్నాడు. "మ్యాట్లకి ఇంకెవరినైనా చూస్తాను."

డాక్టరమ్మ తాళం కోసం చెయ్యి చాపింది. చుక్కలత్త ఇవ్వబోయి ఆగింది. కుడివైపు అద్దం కింద, మడత అంచున, మినప్పప్పంత నీటిచుక్క ఒకటి అప్పుడే బయటికొచ్చి జారాలా వద్దా అని వేలాడుతోంది.

"ఒక్క నిమిషం అమ్మా."

భుజం మీది పాలిష్ గుడ్డ కొసని దానికి తాకించింది. చుక్క గుడ్డలోకి పోయింది. నడుం వంచి అటువైపు అద్దం కూడా చూసి వచ్చి, తాళాన్ని డాక్టరమ్మ అరచేతిలో పెట్టింది.

"ఇప్పుడు తీసుకెళ్ళండి."